పొటాషు ఎరువును ద్రాక్షపండు తీపియు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సమయమున సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు మాటలాడదగిన పెద్దలు ఈ వేదికపై పలువురు కలరు. నేను పండితుడను కాను; ముప్పది యేండ్లు ద్రాక్షతోట పెంచిన రైతును. “మీకు తెలిసిన విషయమునే చెప్పుడు” అని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. నాకు తెలిసినది ద్రాక్ష. అందులోను నేను పెద్ద మూల్యము చెల్లించి నేర్చుకొన్న సంగతి యొకటి కలదు. పొటాషు ఎరువు ద్రాక్షపండు గుణమును ఎప్పుడు పెంచును, ఎప్పుడు పెంచదు, ఎప్పుడు చెరచును అనునదే ఆ సంగతి. దానిని మీ ముందుంచెదను.

ఎర్రగడ్డలో వ్యవసాయ ప్రసంగమేమి యని యువకులకు వింతగా తోచవచ్చును. నేడు ఇచ్చట మన తలలపై మెట్రో రైలు పరుగెత్తుచున్నది. పంటపొలములను గుర్తుచేయునది రైతుబజారు మాత్రమే. అయినను ఈ యూరి పేరులోనే ఎర్రనేల యున్నది. నగరమునకు చుట్టునుగల మేడ్చల్, శామీర్‌పేట, శంషాబాదు ప్రాంతములందలి చెలక నేలలును ఈ జాతివే. ఆ చెలకలయందే ఒకప్పుడు మైళ్లకొలది ద్రాక్షపందిళ్లు పచ్చగా పరచుకొని యుండెను.

హైదరాబాదు ద్రాక్ష యనగా మన పెద్దలకు మొదట స్ఫురించునది అనాబ్-ఎ-షాహి. రాజయోగ్యమైన ద్రాక్ష యని ఆ పేరునకు అర్థము. అబ్దుల్ బాఖర్ ఖాన్ అను ఆయన పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశలో పశ్చిమాసియా నుండి దీనిని ఇచ్చటికి తెచ్చెనని చెప్పుదురు. గింజగల రకము. పండు కొంచెము పొడవుగా నుండి, బాగుగా పండినప్పుడు తేనెరంగునకు తిరుగును. హెక్టారునకు సగటున 35 టన్నులు కాయుట దీని గొప్పతనము. రసములో కరగియుండు ఘనపదార్థములు, అనగా ముఖ్యముగా చక్కెరలు, 14 మొదలు 16 శాతము వరకు ఉండును. గింజలేని థాంసన్ రకమున ఇది 20 శాతమును దాటును. కావున అనాబ్-ఎ-షాహి సహజముగానే మిక్కిలి తీపిగల రకము కాదు. కొంచెము లోపము జరిగినను పండు నీళ్లనీళ్లగా నుండును. ఈ రకమును పండించు రైతునకు తీపి యనునది ఎల్లప్పుడును కత్తిమీది సాము.

అందుచేతనే మా తరమువారు పొటాషును దేవునివలె నమ్మిరి. “నత్రజని ఆకునకు, భాస్వరము వేరునకు, పొటాషు పండునకు” అని యొక లెక్క అందరి నోటను ఉండెడిది. పండునకు పొటాషు అవసరమను మాటలో అసత్యము లేదు. అయితే అది ఎట్లు పనిచేయునో తెలియక వాడుటవలన కీడు కలుగును.

మొదట ఆ పదార్థమేమో చూతము. కట్టెల బూడిదను నీటిలో కలిపి, ఆ తేటను కుండలలో కాచగా మిగిలిన క్షారమునకు ఐరోపావారు పొటాషు అని పేరిడిరి. కుండ బూడిద యని దాని యర్థము. ఆ క్షారమునుండి 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సహాయమున ఒక మెత్తని లోహమును వేరుచేసెను. అదియే పొటాషియము. మన అవ్వలు సొరపాదు మొదట పొయ్యిబూడిద పోసినప్పుడు వేసినది ఈ యెరువునే. 1861 ప్రాంతమున జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్ గనుల లవణములనుండి పొటాషు ఎరువు తయారుచేయు పరిశ్రమ మొదలయ్యెను. మన దేశము నేటికిని తనకు కావలసిన పొటాషు నంతయు దాదాపుగా విదేశములనుండియే తెప్పించుకొనుచున్నది. కావున వృథాచేసిన ప్రతి బస్తాయు రైతునకే గాక దేశమునకును నష్టము.

ద్రాక్షతీగలో పొటాషియము చేయు పనులలో పండునకు సంబంధించినవి ముఖ్యముగా మూడు.

మొదటిది: ఆకు అడుగు భాగమునందుండు సూక్ష్మరంధ్రములు తెరచుకొనుటయు మూసికొనుటయు దీనివలన జరుగును. ఆ రంధ్రములద్వారా గాలి లోపలికి పోయిననే ఆకు ఎండలో చక్కెర తయారుచేయగలదు. పొటాషు కొరతపడిన తీగ నీటిని పొదుపుచేసికొనజాలదు. ఎండవేళ త్వరగా వడలును.

రెండవది: ఆకులో తయారైన చక్కెరను గుత్తివరకు మోసికొనిపోవు నాళములలోనికి ఎక్కించుటకు పొటాషియము తోడ్పడును. అది కూలివాని వంటిది గాని సరకు కాదు. చక్కెర చేయునది ఆకు. మోయించునది పొటాషు. సరకు లేనిచోట కూలివారిని ఎందరిని పెట్టినను బండి నిండదు. ఈ యొక్క మాటను రైతు గుర్తుంచుకొనినచో చాలును.

మూడవది: పండులోని పులుపును తగ్గించుట. ద్రాక్షయందు టార్టారిక్ ఆమ్లము, మాలిక్ ఆమ్లము అను రెండు పులుపులు ముఖ్యమైనవి. కాయ మెత్తబడుట మొదలైన పిమ్మట పొటాషియము అధికముగా పండులోనికి చేరి, టార్టారిక్ ఆమ్లములో కొంతభాగముతో కలిసి లవణముగా మారును. పులుపు ఆ మేరకు అణగును. ఇంట ద్రాక్షరసమును చల్లని పెట్టెలో కొన్ని దినములుంచి చూడుడు. సీసా అడుగున చిన్న పలుకులు పేరుకొనవచ్చును. అవి చక్కెర పలుకులు కావు, ఆ లవణమే. నాలుకకు తోచు రుచి చక్కెర ఒక్కదానిచేతనే ఏర్పడదు. చక్కెరకును పులుపునకును గల పొందికయే రుచి. పొటాషు ఆ రెండింటిని తాకును గనుక పండు గుణమునందు దానికంత ప్రాముఖ్యము.

మరి ఇంత మేలుచేయు వస్తువు ఎక్కువైన కీడెట్లు? ఇక్కడ నా అనుభవమును చెప్పవలసియున్నది.

1987లో వానలు బొత్తిగా లేకపోయెను. బావులెండిపోగా నేను అప్పుచేసి లోతైన బోరు వేయించితిని. నీరు పడెను గాని అది చప్పని యుప్పు రుచి కలిగియుండెను. నీరు దొరికినదన్న సంతోషమున నేను దానిని లెక్కచేయలేదు. మా ప్రాంతమున ద్రాక్షకు ఏటికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మలు పెంచుకొనుటకు. అక్టోబరు కత్తిరింపు కాపు కొరకు. ఆ యేడు అక్టోబరున కత్తిరించితిని. గుత్తులు బాగుగానే వచ్చెను. జనవరిలో ఆకుల అంచులు గోధుమరంగునకు తిరిగి ఎండసాగినవి.

ఎరువుల దుకాణమునకు ఒక ఆకును తీసికొనిపోయి చూపించితిని. “ఆకు అంచు మాడినదనిన పొటాషు తక్కువైనట్లే, ఎర్ర పొటాషు వేయుము” అని వారు చెప్పిరి. ఎర్ర పొటాషు అనగా మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఆ మాటను నేను సంశయింపలేదు. ఏలయనగా పొటాషు కొరతకు అంచు మాడుట గుర్తని నేనును వినియుంటిని. ఎకరమునకు రెండేసి బస్తాలు వేసితిని. మాడుట తగ్గలేదు. మరల రెండేసి వేసితిని. ఆకులు సగమువరకు మాడెను. మార్చి వచ్చినను పండు తేనెరంగునకు తిరుగలేదు. గుత్తుల కొనలు ఎండి, కొనకాయలు నీరుకారి వ్రేలాడెను. బజారున దలాలీ యొక పండును కొరికి, మిగిలినదానిని పారవైచి, సగము ధరకు అడిగెను. మారుమాటాడక ఇచ్చివేసితిని. బోరు అప్పు తీర్చుటకు ఆ వేసవిలో రెండెకరములు అమ్మితిని.

తోటను పెరికివేయుదమని యనుకొనుచుండగా, పని మీద పోయిన యొక ఊరి గ్రంథాలయమున ద్రాక్షసాగును గూర్చిన చిన్న పుస్తకము నా చేతికి చిక్కెను. అట్ట చిరిగియున్నది. అందులో ఒక వాక్యము నన్ను నిలిపివేసెను. క్లోరైడు ఎక్కువైనను ఆకు అంచులు మాడును. కంటితో చూచి నిర్ణయింపవలదు. ఆకు తొడిమలను పరీక్ష చేయింపుడు అని దాని తాత్పర్యము. నేను తొడిమలను, బోరునీటిని పరీక్షకు పంపితిని. జవాబు వచ్చెను. పొటాషు కావలసినదానికంటె ఎక్కువ. క్లోరైడు మిక్కిలి యెక్కువ. మెగ్నీషియము తక్కువ. రోగము పేరు తెలియక, రోగమునకు కారణమైనదానినే మందుగా పోసితినన్నమాట.

జరిగినదేమనగా, మ్యూరేటులో పొటాషు పాలు లెక్క ప్రకారము 60 శాతము. ఎరువు లోకమున పొటాషును ఆక్సైడు రూపమున లెక్కకట్టుట వాడుక. నిజమునకు ఆ బస్తా పొటాషియమును క్లోరైడును కలిసిన లవణము. నూరు కిలోల మ్యూరేటులో సుమారు 47 కిలోలు క్లోరైడే. వరికిని, కొబ్బరికిని అది మంచి యెరువే, చవుకయును. ద్రాక్ష మాత్రము క్లోరైడును ఓర్వదు. మంచినీటి బావియు, మంచి వానలును ఉన్నచోట ఆ క్లోరైడు కొట్టుకొనిపోవచ్చును. ఉప్పునీటి బోరు క్రింద, వానలేని సంవత్సరమున అది వేరు చుట్టును నిలిచిపోవును.

రెండవ కీడు మరియొకటి. పొటాషియము, మెగ్నీషియము, కాల్షియము ఒకే ద్వారమువద్ద నిలుచు మువ్వురు అతిథులవంటివి. ఒకడు గుంపుగా వచ్చినచో మిగిలిన యిద్దరికి చోటుండదు. మెగ్నీషియము తగ్గినచో ఆకు పచ్చదనము తగ్గి చక్కెర తయారగుట తగ్గును. కాల్షియము తగ్గినచో పండు గట్టిదనము తగ్గును. గుత్తికాడలు ఎండి కాయలు నీరుకారుటకు ఈ మూటి పొందిక చెడుట యొక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తీపికై వేసిన పొటాషు, హద్దు మీరిన తీపినే తీసివేయుట ఇట్లు జరుగును. ద్రాక్షసారాయి చేయు దేశములలో పొటాషు ఎక్కువగుటను మరియొక కారణమున భయపడుదురు. పులుపు మితిమీరి అణగినచో వారి సరకు నిలువయుండదు, రంగు చెడును.

పొటాషు కొరతకును క్లోరైడు మంటకును భేదమెట్లు తెలియును? కొరతయందు అంచు మొదట పసుపువారి, ఆ పసుపు ఈనెల నడుమకు ప్రాకి, అంచు ముడుచుకొని, పిదప మాడును. క్లోరైడు మంటయందు మాడిన అంచునకును పచ్చని భాగమునకును నడుమ గీత గీచినట్లుండును. అయినను రెండును కలిసి వచ్చినప్పుడు అనుభవజ్ఞులును మోసపోవుదురు. కావున తొడిమ పరీక్షయే ప్రమాణము. కాలిఫోర్నియా రైతులు పూత సమయమున గుత్తి కెదురుగానుండు ఆకుల తొడిమలను కోసి పరీక్షింతురు. ఎండిన తొడిమలో పొటాషియము 1 శాతమునకు తక్కువైన కొరత యనియు, 1.5 శాతమును మించిన చాలుననియు వారి కొలత. మన దేశమున ఏప్రిల్ కత్తిరింపు తరువాత సుమారు 45 దినములకు, మొదటినుండి అయిదవ ఆకు తొడిమను తీసి చూచు పద్ధతియు కలదు. ఆ సమయముననే మరుసటి కాపునకు పూమొగ్గ లోలోపల రూపు దాల్చును. రాజేంద్రనగరమున ద్రాక్ష పరిశోధన కేంద్రము కలదు. పూణె సమీపమున 1997లో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రము ఏర్పడెను. అట్టి కేంద్రముల సలహాయే రైతునకు శరణ్యము.

మన నేలను గూర్చి ఒక చిత్రమైన విషయము చెప్పెదను. ఈ నగరమునందలి గులాబిరంగు గండశిలలను అందరును చూచియున్నారు. ఆ రంగు పొటాషియము గల ఫెల్డ్‌స్పార్ అను ఖనిజమువలన వచ్చినది. ఆ రాళ్లు చివికియే మన చెలకలు ఏర్పడినవి. కావున మన నేలలో పొటాషు లేదనుట సరికాదు. అయితే అది రాతిలో బందీయై యున్నది. మెల్లమెల్లగా మాత్రమే వెలువడును. మరియు తేలికైన ఎర్రచెలక, వేసిన ఎరువును నల్లరేగడివలె పట్టియుంచజాలదు. అందుచేత ఒకేసారి బస్తాలు గుమ్మరించుట వ్యర్థము. కొలది కొలదిగా, తీగ అడిగిన వేళల వేయుటయే యుక్తము.

ఎంత వేయవలెనను ప్రశ్నకు ఒక చిన్న లెక్క ఉపకరించును. టన్ను ద్రాక్షపండ్లలో సుమారు రెండు కిలోల పొటాషియము ఉండును. హెక్టారునకు 35 టన్నుల కాపైనచో పండ్లతో తోట విడిచిపోవునది సుమారు 70 కిలోలు. ఎరువు లెక్కలో చెప్పినచో ఇంచుమించు 84 కిలోల పొటాషు. ఆకులకును కొమ్మలకును కావలసినది దీనికి అదనము. అయితే కత్తిరించిన కొమ్మలను, రాలిన ఆకులను తగులబెట్టక, రోగము లేనివాటిని ఎరువుగా మార్చి తోటకే యిచ్చినచో అందులో చాలభాగము తిరిగివచ్చును. తోట విడిచిపోయిన దానిని తోటకు తిరిగి యిచ్చుట ధర్మము. దానికెన్నో రెట్లు గుమ్మరించుట ధర్మమును కాదు, లాభమును కాదు.

నేను ఆ దెబ్బ తరువాత చేసినది క్లుప్తముగా చెప్పెదను. మ్యూరేటును పూర్తిగా మానితిని. వానాకాలమున పాదులలో వాననీటిని నిలిపి, ఉప్పును వేళ్ల క్రిందికి దింపితిని. పశువుల యెరువు సమృద్ధిగా వేసితిని. మెగ్నీషియము సల్ఫేటు నిచ్చితిని. పొటాషును సల్ఫేటు రూపమున, అనగా 50 శాతము పొటాషును కొంత గంధకమును గల తెల్లని ఎరువుగా, పరీక్ష చెప్పిన మేరకు మాత్రమే వేసితిని. అందులో ఒక భాగము ఏప్రిల్ కత్తిరింపు తరువాత కొమ్మ ముదురుటకును పూమొగ్గకును. మిగిలినది అక్టోబరు కత్తిరింపు తరువాత, పిందె పడినది మొదలు కాయ మెత్తబడువరకు కొలది కొలదిగా. కాయ మెత్తబడిన పిమ్మట నత్రజని నిలిపివేసితిని. అన్నిటికంటె కష్టమైన పని మరియొకటి చేసితిని. పందిరిపై గుత్తులలో నాలుగవ వంతు పిందెలుగా నున్నప్పుడే కోసివైచితిని. ఇంటివారు కంట తడిపెట్టుకొనిరి. మూడవ యేట పండు మరల తేనెరంగునకు తిరిగెను. నాడు సగము ధరకు అడిగిన ఆ దలాలీయే తోటకు వచ్చి బేరమాడెను.

ఆ తీపి పొటాషువలన వచ్చినదా? నేనట్లు చెప్పజాలను. మంచి ఆకు, మితమైన కాపు, ఉప్పు తగ్గిన నేల, తగినంత పొటాషు, ఇవన్నియు కలిసి తెచ్చినవి. కొరత యున్నచోట పొటాషు అద్భుతముగా పనిచేయును. కొరత లేనిచోట అది తీపిని ఒక్క చుక్కయు పెంచదు. మోయలేనన్ని గుత్తులున్న తీగకును, మాడిన ఆకుగల తీగకును ఏ యెరువును తీపి నీయజాలదు.

కొనువారికిని ఒక మాట. మామిడివలె, అరటివలె ద్రాక్ష కోసిన తరువాత పండదు. కోసిననాటి తీపియే తీపి. ధర కొరకు ముందుగా కోసిన ద్రాక్షను ఇంట ఎన్ని దినములుంచినను పులుపు పోదు. రైతుబజారులో గుత్తిని చేతికి తీసికొన్నప్పుడు పై పండును గాక చిట్టచివరి కొనపండును రుచి చూడుడు. గుత్తిలో తీపి చివరగా చేరునది అచ్చటికే. అది తియ్యగా నున్నచో గుత్తియంతయు తియ్యగా నుండును. ఆ తోట ఆకు ఆరోగ్యముగా నుండెననియు తెలిసికొనవచ్చును.

ఈనాడు మన బజారులలో అమ్ముడుపోవు ద్రాక్ష అధికభాగము నాసిక్, సాంగ్లీ, విజయపురముల నుండి వచ్చుచున్నది. మన నగరము పెరిగెను. నీరు క్రిందికి దిగెను. నేల ధర పంట ధరను మించెను. మా తోటయు చివరకు ఇండ్లస్థలముగా మారెను. అందుకు నేనెవరిని నిందింపను. తోటలు పోయినను తోటలు నేర్పిన తెలివి పోరాదను కోరిక మాత్రము కలదు. 2015 నుండి ప్రభుత్వము రైతులకు భూసార పరీక్షల కార్డుల నిచ్చుచున్నది. వాటిలో పొటాషు లెక్కయు ఉండును. మీలో పలువురికి సొంతయూళ్లలో పొలములున్నవి. అన్నదమ్ములు సేద్యము చేయుచున్నారు. పండుగకు పోయినప్పుడు ఆ కార్డును అడిగి చూడుడు. దానిని చదివి వారికి వివరింపుడు. దుకాణమువాని మాటకు ముందు పరీక్ష మాట వినుమని చెప్పుడు.

చివరగా ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. నాకు రెండెకరములు పోయిన తరువాత దొరికిన ఆ చిరిగిన పుస్తకము రెండు నెలలు ముందుగా దొరికియున్నచో నా కథ వేరుగా నుండెడిది. ఏ పుస్తకము ఎవనికి ఎప్పుడు అక్కరకు వచ్చునో గ్రంథాలయాధికారికి సయితము తెలియదు. అందుచేతనే అన్నియు ఉండవలెను. కావ్యముల ప్రక్కన, నవలల ప్రక్కన, సేద్యమును గూర్చిన పుస్తకములకు ఒక అర కేటాయింపుడు. అందుకు తొలి కానుకగా నా యొద్దనున్న పుస్తకములను ఈ దినమే తెచ్చితిని. కొన్నిటిపై ఎర్రమట్టి వ్రేలిముద్రలున్నవి, మన్నింపుడు.